మైకెల్ యంగ్ ఎవర్ని చూసి నవ్వాడు?

వ్యంగ్యం రాసేవాడికి పట్టే దుర్గతుల్లో పెద్దది, చదివినవాళ్ళు దాన్ని నిజమనుకుని మెచ్చుకోవడం. బ్రిటిష్ సామాజికశాస్త్రవేత్త మైకెల్ యంగ్ 1958లో ప్రచురించిన ‘ది రైజ్ ఆఫ్ ది మెరిటోక్రసీ’కి ఆ గతే పట్టింది. ‘మెరిటోక్రసీ’ అన్న మాట లోకంలో చలామణీలోకి వచ్చింది ఈ పుస్తకంతోనే. ప్రతిభ గలవాళ్ళ పాలన అని దానర్థం. ఆయన దాన్ని వెక్కిరింతగా వాడాడు. ఇప్పుడదే మాటని ప్రధానమంత్రులూ, కంపెనీల అధిపతులూ, మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్దమనుషులూ ఒక ఆదర్శంగా, చేతులు జోడించి మరీ వాడుతున్నారు.

ఈ పాత పుస్తకాన్ని ఇప్పుడు బయటికి తియ్యడానికి కారణం ఒక బడి. వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరానికి దగ్గర్లో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ అని ఒకటుంది. 1985లో మొదలైంది. అందరూ టీజే అంటారు. ప్రభుత్వ బడే, కానీ అడిగినవాళ్ళందరికీ సీటుండదు. చదువులో ముందున్నవాళ్ళని ఏరి తీసుకుంటారు. ఆ ఏరడం ఎలాగన్నదాని మీద 2020 నుంచి 2024 దాకా పెద్ద యుద్ధమే నడిచింది. ఆ యుద్ధంలో రెండువైపులా వినపడిన మాటల్ని యంగ్ పుస్తకం పక్కన పెట్టి చూస్తే, ఆయన ఎవర్ని చూసి నవ్వాడో తెలుస్తుంది. ఆ నవ్వు ఎక్కడ సరిపోలేదో కూడా తెలుస్తుందని నా అభిప్రాయం.

ముందు పుస్తకం సంగతి.

దీన్ని నవల అనడం కష్టం, వ్యాసం అనడమూ కష్టమే. 2034లో కూర్చుని ఒక సామాజికశాస్త్రవేత్త రాస్తున్న చరిత్ర ఇది. కథకుడి పేరు కూడా మైకెల్ యంగే. 1870 నుంచి 2033 వరకూ బ్రిటన్‌లో పుట్టుకని దించేసి ప్రతిభ ఎలా గద్దెనెక్కిందో అతను వివరిస్తాడు. 1870 ఊరికే పెట్టిన ఏడాది కాదు. ప్రాథమిక విద్య చట్టం వచ్చిందీ, ప్రభుత్వోద్యోగాలకి పోటీ పరీక్షలు స్థిరపడిందీ అప్పుడే. తెలివికి శ్రమ కలిపితే ప్రతిభ అని అతనో సూత్రం చెప్తాడు. ఆ సూత్రం ప్రకారం పిల్లల్ని కొలిచి, పైవాళ్ళని గ్రామర్ స్కూళ్ళకి పంపి, వాళ్ళకే మంచి టీచర్లనీ డబ్బునీ ఇచ్చి, వాళ్ళ చేతిలో దేశాన్ని పెట్టారు. కొలిచే శాస్త్రం పెరిగేకొద్దీ కొలిచే వయసు తగ్గుతూ వచ్చింది. తెలివి తక్కువని తేలినవాళ్ళు పైవాళ్ళ ఇళ్ళల్లో పనులకి కుదురుకున్నారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి, కానీ ఎందుకో కింద ఉన్నవాళ్ళు, ముఖ్యంగా వాళ్ళకి నాయకత్వం వహిస్తున్న ఆడవాళ్ళు, అల్లర్లు చేస్తున్నారు. ఆ ‘ఎందుకో’ని శాస్త్రీయంగా వివరించడానికే కథకుడు కలం పట్టాడు.

పుస్తకం బలమంతా ఆ గొంతులో ఉంది. మర్యాదగా, పాదసూచికలతో, తనమీద తనకున్న తృప్తితో సాగే పండిత వచనం అది. ఎక్కడా కన్నుగీటడు. కింది తరగతి గురించి ఘోరమైన మాటలు ఎంతో దయగా చెప్తాడు. పదకొండుమంది ప్రచురణకర్తలు దీన్ని తిప్పిపంపారంటే నాకు ఆశ్చర్యంగా లేదు. మేము పరిశోధనపత్రాలు వెయ్యమని ఒకరు జవాబిచ్చారట. వాళ్ళకే అర్థం కానిది, పేరు మాత్రం విన్నవాళ్ళకి అర్థమవుతుందా!

చివర ఒక్క పాదసూచిక ఉంది. మాంచెస్టర్లో పీటర్లూ అనే చోట జరగబోయే సభ గురించి కథకుడు ధీమాగా, పెద్దగా ఏమీ జరగదన్నట్టు ముగిస్తాడు. 1819లో అదే చోట ఓటు హక్కు కోసం గుమిగూడిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలారని బ్రిటిష్ చరిత్ర తెలిసినవాళ్ళకి గుర్తొస్తుంది. ఆ కింద ప్రచురణకర్తల మాట: రచయిత ఆ పీటర్లూలోనే చనిపోయాడు కనక ప్రూఫులు ఆయనకి చూపించలేకపోయాం అని. దేశంలో అందరి తెలివినీ కొలిచినవాడికి తన కళ్ళముందు జరుగుతున్నది తెలియలేదు. నవ్వు ఇక్కడుంది.

అయితే యంగ్ వెక్కిరిస్తున్నది పరీక్షనేనా? చాలామంది అలాగే అనుకుంటారు. ఆయన కాలంలో ఇంగ్లండులో 1944 చట్టం తర్వాత పదకొండేళ్ళ పిల్లలకి ఒక పరీక్ష పెట్టేవారు. నెగ్గినవాళ్ళు గ్రామర్ స్కూలుకి, మిగతావాళ్ళలో ఎక్కువమంది సెకండరీ మోడర్న్ అనే బడులకి. సుమారు నాలుగోవంతు మంది పైకి, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువ. లేబర్ పార్టీ 1945 ఎన్నికల ప్రణాళిక రాయడంలో యంగ్ చెయ్యి ఉంది. తన పార్టీ వాళ్ళే ఈ విభజనని సమానావకాశం అని పొగుడుతుంటే ఆయనకి మింగుడుపడలేదు. పుస్తకంలో అందరికీ ఒకే బడి అన్న ఉద్యమం ఓడిపోయి గ్రామర్ స్కూళ్ళు గెలుస్తాయి. వాస్తవంలో తిరగబడింది. 1965లో ఆంథొనీ క్రాస్‌లాండ్ విద్యామంత్రిగా ఉండగా ఉమ్మడి బడుల వైపు మళ్ళమని స్థానిక సంస్థలకి ఉత్తర్వు వెళ్ళింది. ఇప్పుడు ఇంగ్లండు మొత్తంలో 163 గ్రామర్ స్కూళ్ళు మాత్రం మిగిలాయి. యంగ్ జోస్యం తప్పిందని అందుకే కొందరంటారు. కానీ ఆయన నవ్వింది బడిని చూసి కాదు, ఆ బడిలో సీటొచ్చినవాడు తన గురించి తను ఏమనుకుంటాడో చూసి. పాత దొరకి, తను దొర అయింది పుట్టుక వల్లేనని లోపల ఎక్కడో తెలుసు. కొత్త దొరకి ఆ అనుమానం లేదు, అంతా తన కష్టార్జితమే అనుకుంటాడు. పాత కూలీకి, తనకి అవకాశం రాలేదని చెప్పుకునే వీలుండేది. కొత్త కూలీకి ఆ మాటా లేదు. నిన్ను పరీక్షించి చూశాం కదా, నీ యోగ్యత ఇంతే అని కాగితం చేతిలో పెట్టారు.

ఇప్పుడు టీజే దగ్గరికి వద్దాం. 2020 దాకా అక్కడ ఒక ప్రవేశపరీక్ష, వంద డాలర్ల దరఖాస్తు రుసుము ఉండేవి. పరీక్షలో ముందున్నవాళ్ళ వ్యాసాలూ, టీచర్ల సిఫారసులూ చూసి 480 మందికి పైచిలుకు తీసుకునేవారు. ఆ ఏడాది ప్రవేశాల్లో నల్లజాతి పిల్లలు పదిమంది కూడా లేరు. అదే ఏడాది చివర్లో స్కూలు బోర్డు పరీక్షనీ రుసుమునీ ఎత్తేసింది. సీట్లు 550కి పెంచింది. ప్రతి మిడిల్ స్కూల్లోనూ ఎనిమిదో తరగతి పిల్లల్లో ఒకటిన్నర శాతానికి సమానమైన సీట్లు ఆ బడికే కేటాయించింది. మార్కులు, వ్యాసాలు, వాటితోపాటు ఇంటి ఆర్థిక పరిస్థితి, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్న పిల్లలా కాదా, ఇవన్నీ లెక్కలోకి తెచ్చింది. తర్వాతి ఏడాది ఆసియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి పడిపోయింది. ఒక శాతం కూడా లేని పేదింటి పిల్లలు 25 శాతం అయ్యారు.

తల్లిదండ్రులు కొందరు కోర్టుకెళ్ళారు. 2022 ఫిబ్రవరిలో కింది కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది, 2023 మేలో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అలిటో, థామస్ అనే ఇద్దరు న్యాయమూర్తులు మాత్రం విభేదించారు. ఆ కేసు అక్కడికి అయింది.

రెండువైపుల వాదనల్లోనూ పస ఉంది. పరీక్ష కావాలన్నవాళ్ళు చెప్పేది: మేం ఈ దేశానికి పరిచయాలు లేకుండా వచ్చాం, ఇక్కడ మా పిల్లలకి సిఫారసు చేసేవాళ్ళు లేరు, పరీక్షాపత్రం దిద్దేవాడికి మా ఇంటిపేరు పలకడం రాకపోయినా ఫరవాలేదు. పరీక్ష వద్దన్నవాళ్ళు చెప్పేది: మూడో తరగతి నుంచి కోచింగులకి తిప్పగల ఇంటికీ, సాయంత్రం రెండో ఉద్యోగానికి వెళ్ళే తల్లి ఉన్న ఇంటికీ ఒకే పరీక్ష పెట్టి సమానం అంటే ఎలా? ఇది అందరి పన్నులతో నడిచే బడి. కొన్ని పేటల నుంచి ఏళ్ళ తరబడి ఒక్కరూ రాకపోతే అక్కడ తెలివైన పిల్లలే పుట్టలేదా?

ఈ గొడవలో తెలుగువాళ్ళు గట్టిగానే ఉన్నారు. టీజేకి పిల్లల్ని పంపే కౌంటీల్లో లౌడన్ ఒకటి, అక్కడి ఆష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో. ఆ తల్లిదండ్రుల్లో చాలామంది ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళు. 1986లో మొదలైన ఆ పరీక్ష మన మధ్యతరగతికి ఒక భాషనే ఇచ్చింది. ‘వాడికెంతొచ్చింది?’ అంటే ఏమిటని ఎవరూ అడగక్కర్లేదు. ర్యాంకు ఇంటిపేరుకన్నా ముందు చెప్పుకునే సంగతి అయింది. అలా వచ్చినవాళ్ళకి పరీక్ష తీసెయ్యడమంటే తాము ఎక్కొచ్చిన నిచ్చెన లాగేసినట్టు ఉంటుంది. ఆ బాధని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఒక విషయం మనవాళ్ళు మర్చిపోతున్నారు. ఎంసెట్ ర్యాంకు ఒక్కటే ఎప్పుడూ సీటు ఇవ్వలేదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉమ్మడి రాష్ట్రాన్ని ఆంధ్రా, ఉస్మానియా, వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల ప్రాంతాలుగా విడదీసి 85 శాతం సీట్లు స్థానికులకి ఉంచారు. అనంతపురం పిల్లాడు విశాఖ పిల్లాడితో ఆ సీట్లకి పోటీ పడలేదు. కులాల రిజర్వేషన్ల మీద వాదించినంతగా ఈ ప్రాంతాల వాటా మీద ‘ప్రతిభ చచ్చిపోయింది’ అని ఎవరూ గుండెలు బాదుకోలేదు. జవహర్ నవోదయ విద్యాలయాల్లో కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవి. ప్రతి మిడిల్ స్కూలుకీ ఒకటిన్నర శాతం అన్న టీజే పద్ధతి ఇదే తానులో ముక్క. ఊరిని బట్టి, బడిని బట్టి అవకాశం మారుతుందన్న మామూలు నిజాన్ని ఒప్పుకోవడం. అక్కడ మనకి న్యాయం అనిపించింది ఇక్కడ అన్యాయం ఎందుకైంది? పైగా అప్పీలు కోర్టు ఎత్తిచూపిన ఇంకో అంకె ఉంది. కొత్త పద్ధతిలో పేద ఆసియన్ పిల్లల సంఖ్య ఒకటి నుంచి యాభై దాకా పెరిగింది. మన తరఫున అని కేసు వేసినవాళ్ళు ఆ యాభైమందినీ ‘మన’లో లెక్కపెట్టారా అని అడగాలనిపిస్తుంది.

ఇంతవరకూ చూస్తే నేను సంస్కర్తల పక్షం అనిపించవచ్చు. పూర్తిగా కాదు. దానికి కారణం యంగ్ పుస్తకంలో ఉన్న ఒక పెద్ద లోపం.

ఆయన ఊహించిన 2034లో పరీక్ష తప్పు చెయ్యదు. తెలివిని అది సరిగ్గానే కొలుస్తుంది. వ్యంగ్యానికి అది అవసరం. పరీక్షే తప్పైతే, దాన్ని బాగుచేస్తే సరిపోతుంది కదా అని పాఠకుడు తప్పించుకుంటాడు. అందుకని ఆయన ఆ దారి మూసేశాడు. కానీ మనం బతుకుతున్నది తప్పులు చేసే పరీక్షల లోకంలో. ఈ తప్పులు చేసే పరీక్ష, ఓడిపోయినవాడికి ఒక ఊరట మిగులుస్తుంది. ఆ రోజు జ్వరం వచ్చింది, లెక్కల్లో రెండు పోయాయి, కోచింగ్ లేదు. పరీక్ష చెప్పింది ఒక పొద్దుటిపూట చేసిన లెక్కల గురించే, నా గురించి కాదు అనుకోవచ్చు.

దాని బదులు వచ్చిన ‘సమగ్ర పరిశీలన’ ఏం చేస్తుంది? పదమూడేళ్ళ పిల్లని నీ గురించి రాయమంటుంది. నీ పట్టుదల, నీ సహకారగుణం, నీ కుతూహలం చూపించమంటుంది. అవన్నీ చదివి, వద్దంటుంది. ఇప్పుడా పిల్ల ఏమనుకోవాలి? లెక్కలు రాలేదని కాదు, మనిషిగానే చాలలేదని కదా! యంగ్ భయపడిన కాగితం ఇదే. ఆయన పుస్తకంలో చెల్సీ మేనిఫెస్టో అని ఒకటి వస్తుంది. మనుషుల్ని తెలివితో మాత్రమే ఎందుకు కొలవాలి, దయ, ధైర్యం, ఊహ, సున్నితత్వం లాంటివి కూడా చూడొద్దా అని కింది తరగతి పక్షాన అడుగుతుంది. పుస్తకం మొత్తంలో మనసుకి హత్తుకునే భాగం అదే. కానీ దయనీ ధైర్యాన్నీ ప్రవేశాల కార్యాలయం చేతికిచ్చి మార్కులు వెయ్యమంటే ఏమవుతుందో యంగ్ ఊహించలేదు. దయకి కూడా కోచింగ్ సెంటర్ వస్తుంది. వ్యాసాలు దిద్దిపెట్టేవాళ్ళు ఇప్పటికే దొరుకుతున్నారు.

రెండో లోపం ఇంతకన్నా గట్టిది. 2001లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, యంగ్ ‘గార్డియన్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. టోనీ బ్లెయిర్ తన మాటని మెచ్చుకోలుగా వాడుతున్నాడని కోపం. 1945 మంత్రివర్గంలోని ఎర్నెస్ట్ బెవిన్, హెర్బర్ట్ మోరిసన్‌లని అందులో గుర్తుచేస్తాడు. బెవిన్ పదకొండేళ్ళకే బడి మానేసి పొలం పనికి పోయాడు. అలాంటివాళ్ళని ఇప్పటి బడి చిన్నప్పుడే ఏరి పైకి తీసుకుపోతుందనీ, కూలీల మధ్య ఉండి కూలీల కోసం మాట్లాడేవాడు ఇక మిగలడనీ ఆయన బాధ. ఉద్యోగానికి తగినవాణ్ణి పెట్టడంలో తప్పులేదని కూడా ఆ వ్యాసంలోనే ఒప్పుకుంటాడు. ఆ తగినవాళ్ళంతా ఒక కులంలా గట్టిపడి, మిగతావాళ్ళకి చోటు లేకుండా చెయ్యడమే ఆయన అభ్యంతరం.

ఇది చదువుతుంటే నాకు మన సర్వేలు గుర్తొచ్చింది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్ళి. పల్లెటూళ్ళలో చురుకైన పిల్లల్ని పరీక్షపెట్టి తీసుకుని, ఉండడానికీ తినడానికీ ఇచ్చి చదివించారు. యంగ్ లెక్క ప్రకారం ఆ ఊళ్ళు తమ బెవిన్‌లని పోగొట్టుకున్నాయి. ఒక విధంగా నిజమే. గురుకులంలో చదివి పెద్ద ఉద్యోగం చేస్తున్నవాడు తన ఊరి చెరువు గురించి పట్టించుకునే తీరిక ఎక్కడిది? కానీ ఆ పిల్లాడి వైపు నుంచి చూడండి. వెట్టి చేసిన తండ్రికి పుట్టినవాడికి, నువ్వు ఇక్కడే ఉండి నీవాళ్ళ కోసం మాట్లాడు నాయనా అని లండన్లో కూర్చుని చెప్పడం సులువు. బెవిన్ బడి మానేసినందువల్ల కార్మికవర్గానికి ఏం దక్కిందో యంగ్ లెక్కేశాడు. బెవిన్‌కి ఏం పోయిందో వెయ్యలేదు. పుట్టుకని అడగని తలుపు ఒక్కటే ఉన్నచోట, ఆ తలుపు ఇరుకని నవ్వొచ్చు గాని, మూసెయ్యమనడం న్యాయం కాదు.

అలాగని టీజే పరీక్షనీ సర్వేలు పరీక్షనీ ఒకే గాటకట్టలేం. సర్వేలు తలుపు లేనివాళ్ళకి తీసింది. ఉన్నవాళ్ళే పిల్లల్ని ఏళ్ళ తరబడి తయారుచేసి నిలబెట్టిన తలుపు టీజేది. పరీక్ష మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి జవాబు, ఎవరి వీధిలో పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ వాదోపవాదాల్లో నాకు వెలితిగా అనిపించింది ఒకటుంది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడుల్లో దాదాపు లక్షా ఎనభై వేలమంది పిల్లలున్నారు. టీజేలో ఏడాదికి 550 సీట్లు. దాదాపు మూడేళ్ళు కోర్టుల్లో కొట్టుకున్నది ఆ 550 గురించి. మిగతా పిల్లలు వెళ్ళే హైస్కూళ్ళలో లేబొరేటరీలు ఎలా ఉన్నాయి, పై లెక్కలు చెప్పే టీచరు ఉన్నారా అని ఎవరూ కేసు వెయ్యలేదు. అమెరికాలో డబ్బున్న కౌంటీల్లో అదొకటి. ఏ పిల్లకైనా పెద్ద లెక్కలు చెయ్యగల శక్తి ఉంటే, తన ఇంటి దగ్గర బడిలోనే అవి నేర్చుకునే వీలు ఎందుకు ఉండకూడదు? టీజే లాంటిది ఒక్కటే ఉంటేనే దానికి విలువ అని రెండువైపులవాళ్ళూ లోపల్లోపల ఒప్పుకున్నారేమో! జల్లెడ ఏది వాడాలన్నదే తగాదా, జల్లెడ పట్టడం మీద తగాదా లేదు. యంగ్ ఉంటే నవ్వేది ఇక్కడ.

నన్నడిగితే, బడికి చిన్న పరీక్ష ఉండొచ్చు. ఈ చదువుకి నువ్వు ఇప్పుడు సిద్ధంగా ఉన్నావా లేదా అని మాత్రమే అడిగేది. సిద్ధంగా ఉన్నవాళ్ళు సీట్లకన్నా ఎక్కువైతే ప్రతి బడికీ వాటా వేసి చీటీలు తియ్యొచ్చు. చీటీలో ఓడిపోవడం పిల్లకి అవమానం కాదు, గెలవడం గొప్పా కాదు. అన్యాయం అంటారా? తెలివీ, కోచింగుకి పంపగల తల్లిదండ్రులూ కూడా మనం ఎంచుకుని పుట్టినవి కావుగదా. సీట్లు పెంచాలన్న ఒత్తిడి మాత్రం చీటీలు తీసిన చోటే ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే రానివాళ్ళకి రాకపోవడానికి తమ తప్పేమీ లేదని అందరికీ తెలుసు.

యంగ్ పుస్తకంలో పాతబడినవి చాలా ఉన్నాయి. తెలివి అంటే ఒక అంకె అన్న 1950ల నమ్మకం మీదే ఆయన వెటకారమంతా నిలబడింది. ఆడవాళ్ళ గురించిన పేజీలు ఇప్పుడు ఇబ్బందిగానే చదువుకోవాలి. మధ్యలో నడక నెమ్మది. ఐనా పిల్లల్ని పోటీపరీక్షలకి తయారుచేస్తున్న ప్రతి ఇంట్లోనూ చదవదగ్గ పుస్తకం. టీజే ఫలితాలొచ్చిన రోజు సీటొచ్చిన పిల్లకి ఏం చెప్పాలో మనకి బాగా తెలుసు, స్వీట్లు కూడా తెస్తాం. ఆ పక్కింట్లో రాని పిల్ల ఉంటుంది. ఆ పిల్లతో మాట్లాడటానికి మన దగ్గర మాటలున్నాయా అని ఈ పుస్తకం అడుగుతుంది.